మూడో మైదానం

ఇంకా ఎవరూ రాలేదు. నాలుగింటికి వచ్చి ఈ గట్టు మీద కూర్చున్నాను, ఇప్పుడు నాలుగూ పది. నవంబరు పొద్దు, ఐదూ ముప్పావు దాటితే మన్నూ కాయా ఒకే రంగులో కలిసిపోతాయి, కాబట్టి ఏరుకునేవాళ్లకు మిగిలింది గంటన్నర. నిన్న సాయంత్రం మా సేద్యం చూసే కొల్లప్పను చేని కింది ఎండువాగుకు, మా మాటలో వంకకు, అవతలి ఇళ్లకు పంపి తప్పెట కొట్టించాను. తూర్పు చేనిలో వేరుశెనగ పీకడం అయింది, ఆఖరి బండి వెళ్లిపోయింది, మట్టిలో తెగి మిగిలిన కాయను రేపు మధ్యాహ్నం నుంచి ఎవరైనా పరిగె ఏరుకోవచ్చు అని చాటించాను. ఎనిమిదేళ్లుగా ఈ చేనిలో పరిగె లేదు. ఆపింది మా ఇల్లు. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఆపింది నేను. ఆ సంగతి మా ఊరు అరసికెరెలో ఎవరికీ తెలియదు. ఆపింది మావారు ఆదినారాయణప్ప అనే అందరూ అనుకున్నారు, ఆయన పోయి తొమ్మిది నెలలైనా అలాగే అనుకుంటున్నారు. పరిగెకు వంక అవతలి గంగక్క వస్తే ఆ ఒక్క మాట ఆమెకు చెప్పాలని కూర్చున్నాను. ఆమె రాకపోతే, వాళ్లెవరూ రాకపోతే, మాట నాలోనే ఉండిపోతుంది, ఆయన పేరు మీద నింద అలాగే మిగిలిపోతుంది, తెంపిన అలవాటు తెగిపోయినట్టే రుజువవుతుంది. అరవై ఆరేళ్ల వయసులో ఒక తప్పును దిద్దడానికి నాకున్న సాధనం ఒక తప్పెటా, ఒక గట్టూ, గంటన్నర వెలుతురూ.

పన్నెండెకరాల చేను. నేను కూర్చున్న చోటి నుంచి వంక దాకా ఒకే తీరుగా, ఎక్కడా తొందరపడకుండా వాలుతుంది. ఆ వాలును కళ్లతో అనుసరించిన ప్రతిసారీ ఒక తెల్లని బంతి దాని మీద దొర్లుతూ పోతున్నట్టే అనిపిస్తుంది, ఇప్పటికీ, ఈ క్షణం కూడా, వద్దనుకున్నా. ఎడమ పక్కన మూడు నల్లని గుండ్రటి మచ్చలు, ఒక్కొక్కటి పదడుగుల వెడల్పు, ఎనిమిదేళ్లుగా అక్కడ గరిక కూడా మొలవలేదు. బంతి, వాలు, మచ్చ, వాటి వెనక ఒక ప్రశ్న. ముప్పై ఏళ్లు మావారు నన్ను అడిగిన ప్రశ్న అది, ఏటా ఉగాది దాటిన మరుసటి ఆదివారం, కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, మొదటిసారి అడుగుతున్నంత కొత్తగా. "చెప్పు రామలక్ష్మీ, బతుకంతా ఆడుకునేకి మూడే మైదానాలు ఇచ్చినారనుకో. నాలుగోది లేదు. ఏవి తీసుకుంటావు?" అది ఒట్టి సరదా ప్రశ్న. కానీ సరదాగా అడిగే ప్రశ్నకే మనిషి నిజం చెబుతాడు. బరువైన ప్రశ్నలకు అందరమూ సిద్ధం చేసుకున్న జవాబులే ఇస్తాం. ఆ మూడో స్థానంలో నేను ఏం పెట్టానో, అది ఎవరి నోటి దగ్గరి నుంచి తీసి పెట్టానో వెనక్కి నడిచి చూడాలి. కార్యం నుంచి కారణానికి వెనక్కి నడవడం మైసూరులో చదివిన అర్థశాస్త్రం నాకు నేర్పిన ఒకే ఒక పని, దాన్ని నేను ఎప్పుడూ ఇతరుల విషయంలోనే చేశాను.

కోలారు గనుల్లో మావారు సర్వేయరు. నేలకు మైలున్నర కింద సొరంగాల కొలతలు తీయడం ఆయన ఉద్యోగం, ఆ సొరంగాల నెత్తిన, పైన ఎండలో, తెల్లదొరలు వేసిపోయిన గోల్ఫు మైదానం. పెళ్లయిన రెండో ఏడు నన్ను తీసుకెళ్లాడు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని కర్ర పట్టుకున్న మొదటి రోజు నాకు ఇరవై ఆరేళ్లు. అక్కడ గడ్డి లేదు, నీళ్లు లేని నేల. బంతి పడాల్సిన గుంత చుట్టూ పచ్చిక ఉండాల్సిన చోట ఇసుకలో నూనె కలిపి గుండ్రంగా పరిచేవారు, దాన్ని బ్రౌన్ అనేవారు. ఆడటం అయ్యాక మన అడుగుల గుర్తులను మనమే ఒక పొడవాటి చెక్కతో లాగి చెరిపి రావాలి, వెనక వచ్చేవాళ్లకు నేల సమంగా దొరికేటట్టు. అది రాసిపెట్టని నియమం, ఎవరూ తప్పేవారు కాదు, నేను అసలే తప్పేదాన్ని కాదు. వెనక వచ్చే మనిషి ఎవరో తెలియకపోయినా అతని కోసం ఇసుకను సర్దిన చేతులివి. ఆ మర్యాద ఒక కంచె లోపల మాత్రమే నాకు అలవాటైందనీ కంచె దాటితే నా చేతులు దాన్ని మరిచిపోతాయనీ అప్పుడు నాకెలా తెలుస్తుంది. తెలిసి ఉంటే మాత్రం ఆగేదాన్నా.

ఆయన జాబితా మారేది కాదు. ఒకటి కోలారు, రెండు నీలగిరి కొండల మీదిది, మంచు తెరలోంచి బంతి మాయమై మళ్లీ కనిపించేది. మూడోది ఖాళీ. "మూడోది ఇంగా పుట్టలేదు" అనేవాడు. నా జాబితా వేరు. నీలగిరి నాకు నచ్చలేదు. పచ్చగడ్డి తప్పులను క్షమిస్తుంది, బంతిని ఎలా కొట్టినా ఎక్కడో ఒకచోట మెత్తగా ఆపి ఒడిలో పెట్టుకుంటుంది. నాకు కావలసింది క్షమించని నేల, ఒక అంగుళం వంకర కొడితే యాభై గజాల దూరంలో ఆ వంకరను చూపించే గట్టి నేల. కాబట్టి నాకూ మొదటిది కోలారే, అందులోనూ ఏప్రిల్ నెల కోలారు. రెండోది కాఫీ సీమలో ఒక తోట యజమాని తన ఇంటి వెనక వేసుకున్న తొమ్మిది గుంతలది, గాలి ఎప్పుడూ ఎదురుగా వీచేది, మేము అక్కడ ఆడింది రెండే రోజులు. బతుకంతా ఆడుకునే మైదానానికి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుండేది: అక్కడ ఓడిపోయి ఇంటికి వస్తున్నప్పుడు నేలను తిట్టాలనిపించకూడదు, మళ్లీ రేపు పోవాలనిపించాలి. మూడోది నేనూ ఖాళీగానే ఉంచాను. ఆయన ఖాళీకి కారణం ఆశ, నా ఖాళీకి కారణం ఎంపికలో నా మొండితనం. రెండు ఖాళీలూ ఒకే చేనిలో వచ్చి కలుస్తాయని మేమిద్దరం అనుకోలేదు.

నాలుగూ ఇరవై ఐదు. ఒక కముజు పిట్ట తన పిల్లలను వెంటేసుకుని చాళ్ల మధ్య నుంచి పరుగెత్తింది, అంతే, ఇంకే కదలికా లేదు. వంక వైపు ఎవరో దగ్గినట్టు వినిపించింది. గాలి కావచ్చు.

ఎనభై రెండులో ఆయన రిటైరయ్యాక ఇక్కడికి వచ్చేశాం. పిల్లలు లేరు; భూమి ఉంది, దాన్ని చూసే కొల్లప్ప ఉన్నాడు. ముప్పై ఏళ్లు వారానికి మూడు రోజులు ఆడిన మనిషిని, మూడేళ్లు కర్రలను అటక మీద పెట్టి కూర్చున్నాను. నా ఎం.ఏ. పట్టా తెలుగు మాట్లాడే ఈ కర్ణాటక ఊరివాళ్లకు వచ్చే కన్నడ నోటీసులు చదివి పెట్టడానికి పనికివచ్చింది. ఆ పని చేయడం నాకు ఇష్టమే. కానీ నా చేయి ఒక పనిలో నైపుణ్యం సంపాదించింది, ఆ నైపుణ్యానికి ఇక్కడ చోటు లేదు, రాత్రుళ్లు నా మణికట్టు తనంతట తాను తిరిగేది. అప్పుడు, ఎనభై నాలుగు నవంబరులో, ఎండలో గొడుగు వేసుకుని ఈ చేని పక్కగా వెళుతుంటే గంగక్క ఇక్కడే చేతి తొలికతో మట్టి తవ్వి కాయలు ఏరుతూ కనిపించింది. వంక అవతల ఆమెకూ, ఆమె భర్త బైలప్పకూ రెండెకరాలు. నాకంటే పదిహేనేళ్లు చిన్నది, నాకంటే పది రెట్లు మాటకారి.

"యాడికమ్మా గొడుగేసుకోని? మన్ను నల్లబడతాదని దానికి నీడ పడతుండావా?" అంది.

"ఊరికే వచ్చినా. నువ్వేం గంగక్కా, దినమూ ఇదే చేనికొస్తావు? ఇంకా శానా చేండ్లుండాయి గదా."

"ఉంటే? అన్నీ ఒకటేనా ఏంది? కాటప్ప చేను ఒట్టి గులకరాయి, తొలిక పండ్లు ఇకిలిస్తాది. నన్నడిగితే ఒకటి మీ తూర్పు చేను. రెండు మా పుట్టింటి కాడ, నాగలమడిక ఏటి పక్కది. మూడు మా బావ పాపన్నది. ఆయప్ప నిద్రమొగమోడు, సగం కాయ నేలలోనే ఇడ్సిపెట్టి పోతాడు, దేవుడు సల్లగా సూడల్ల." నవ్వింది. "ఈ మూడూ ఉంటే సచ్చేదాకా నాకింగేం వద్దు."

నేను నిలబడిపోయాను. మూడు అంది, సచ్చేదాకా అంది. మావారి ప్రశ్న ఆమె ఎన్నడూ వినలేదు, జవాబు మాత్రం సిద్ధంగా ఉంది, అదీ కారణాలతో సహా. మా చేను మొదటిది ఎందుకని అడిగాను. ఆమె పిడికెడు మన్ను తీసి నా అరచేతిలో పోసింది. "సూడు, పిండి మాదిరి ఉండాది. రాయి లేదు. వాలు సమంగా ఉండాది, వానొచ్చినా నీళ్లు నిలబడవు. కండ్లు మూసుకోని తొలిక ఏసినా యాడా తగలదు." అప్పటివరకు నాకది పన్నెండెకరాల ఎర్రనేల, అంతే. ఆమె చెప్పాకే చూశాను: రాయి లేదు, వాలు సమం, నీరు నిలవదు. చేతిలో ఆ మన్నుతో ఇంటికి వెళ్లి, మావారితో "మూడోది దొరికింది" అన్నాను. గంగక్క తన మొదటి చేను ఎందుకు మొదటిదో నాకు వివరించింది, ఆ వివరణనే ఆధారం చేసుకుని నేను దాన్ని తీసుకున్నాను. కారణాల వరుసలో ఇంతకంటే స్పష్టమైన మెలిక నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

మరుసటి ఏడు కరువు. జూలైలో విత్తాం, పూత నుంచి మట్టిలోకి ఊడలు దిగే వేళకు ఒక వాన పడింది, సెప్టెంబరు నుంచి చినుకు లేదు. నవంబరుకు నేల రాయిలా బిగిసింది. చెట్టు పీకితే ఊడ తెగి కాయ మట్టిలోనే ఉండిపోయేది. నేను దాన్ని గమనించాను, గమనించకపోవడం నా స్వభావం కాదు. వానలున్న ఏడు కాయంతా చెట్టుతో వస్తుంది, పరిగెకు మిగిలేది తక్కువ. కరువు ఏడు చేనుగలవాడికి తగ్గుతుంది, ఏరుకునేవాళ్లకు పెరుగుతుంది. ఎవరూ చట్టం చేయకుండానే ఈ నేల కరువు నాడు పేదల వైపు తూగేటట్టు ఒక ఏర్పాటు ఉంది. భోజనం దగ్గర మావారికి దీన్ని వివరించాను, దీని మీద ఒక వ్యాసం రాయాలి అన్నాను. వ్యాసం రాయలేదు. ఆ వారంలోనే చేను మూయించాను. తెలియక చేసినదానికి ఒక రకం పశ్చాత్తాపం ఉంటుంది, అది కన్నీళ్లతో కరుగుతుంది. నాది వివరించి మరీ చేసినది.

మా పక్క ఒక పద్ధతి ఉంది. కోత జరుగుతున్నన్నాళ్లు చేని దారికి అడ్డంగా ఒక ముళ్లకంప వేసి ఉంచుతారు. ఆఖరి బండి వెళ్లాక కంప తీసి పక్కన పడేస్తారు. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు, మరునాడు పొద్దునకు చేనంతా గంపలు. ఆ ఏడు ఆఖరి బండి వెళ్లిన సాయంత్రం మేమిద్దరం ఇదే గట్టు మీద నిలబడ్డాం, ఆయన కంప మీద చేయి వేశాడు.

"పరిగె కానీలే రామలక్ష్మీ. పది దినాలు. ఆ మీద మైదానానికి రాతిగుండు లాగిద్దాం."

"పది దినాలు తొలికలతో తవ్వితే నేలంతా గుంతలు పడతాది. మళ్లా చదును కావాలంటే వాన పడల్ల. వాన యాడుండాది?"

"గంగక్కోళ్లు కాసుకోని ఉంటారు గదా."

"ఇంటి నుంచి ఒక మూట పంపుదాం. ఏరుకునే బాధ కూడా ఉండదు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. యాభై ఎనిమిదేళ్ల ఆడమనిషి ఆట కోసం అంత ఆరాటపడటం ఆయన అప్పుడే చూసినట్టున్నాడు. కంప మీంచి చేయి తీసేశాడు. అంతే జరిగింది. గొడవ లేదు, బతిమాలడం లేదు, ఒక చేయి ఒక కంప మీంచి పక్కకు జరిగింది.

నాలుగూ నలభై. పొద్దు పడమటి కొండ మీదికి వంగింది. ఒక్కరు వచ్చినా చాలు. గంగక్క కాకపోయినా, ఆమె ఇంటి పక్కవాళ్లెవరో. ఎందుకు రారు? అలవాటు తప్పిందా, కోపమా, లేక కొల్లప్ప సరిగా చాటించలేదా? మూడో కారణం మీద నాకు ఆశ పుట్టింది, వెంటనే సిగ్గేసింది. తప్పు కొల్లప్ప మీద పెట్టడానికి మనసు ఎంత చురుకుగా లేచి నిలబడుతుందో.

రెండు జతల ఎద్దులకు రాతిగుండు కట్టి మూడు రోజులు లాగించాం. గుండు కింద, మట్టిలో, కాయలు పగిలే చప్పుడు వినిపించేది, పటపటమని, పొయ్యి మీద ఏదో వేగుతున్నట్టు. ఆ చప్పుడు నేను విన్నాను. విని, నేల బాగా అణుగుతున్నది అనుకున్నాను. లారీల్లోంచి తీసేసిన కాలిన ఆయిలు పావగడ నుంచి తెప్పించి ఏటి ఇసుకలో కలిపి మూడు బ్రౌన్లు పరిచాం. మూడే గుంతలు, వాటినే మూడుసార్లు తిరిగితే తొమ్మిది. జూలైలో మళ్లీ విత్తే వేళకు ఆట ఆపేవాళ్లం. ఊరు కొన్నాళ్లు గట్టు మీద నిలబడి చూసింది. "అంత దూరం కొట్టేది, మళ్లా అంత దూరం నడిచేది. పోగొట్టుకొని ఎదుక్కునేదానికి ఇంత సదువు గావాలా సారూ?" అని కొల్లప్ప మావారిని అడిగితే ఆయన పడి పడి నవ్వాడు. సారు పిచ్చి అని పేరు పడింది. నేను పక్కన నడిచే భార్యను. నా చేతిలో కర్ర ఉన్నా, నా బంతి ఆయన బంతి కంటే గుంతకు దగ్గరగా ఆగినా, ఊరి కంటికి ఆట ఆయనదే. ఆ పొరపాటు చాటున నేను హాయిగా ఉండిపోయాను. ఆ చలికాలం, ఆ వేసవి, నా జీవితంలోకెల్లా బాగా ఆడాను. ఈ మాట దాస్తే మిగతాదంతా సగం అబద్ధం అవుతుంది. ఎర్రమన్ను మీద బంతి ఎంత దూరం దొర్లేదో, పొద్దున గాలి వీపు మీద ఎంత చల్లగా ఉండేదో నా ఒంటికి ఇంకా గుర్తుంది. పశ్చాత్తాపం ఆ ఆనందాన్ని చెరపలేదు, దాని పక్కనే కూర్చుంది.

మూట పంపాను. మాట తప్పలేదు. మిల్లులో ఆడించిన పప్పు, పొట్టు లేకుండా, గులాబి రంగులో నిగనిగలాడుతున్నది, ఆ మూటను కొల్లప్ప చేత గంగక్క ఇంటికి పంపించాను. కాయ కంటే పప్పు మేలు, ఒలుచుకునే శ్రమ తప్పుతుంది అనుకున్నాను. పరిగె అంటే వాళ్లు తినడానికే అనుకున్నాను. మట్టిలో తెగి మిగిలేది బాగా ముదిరిన కాయ అనీ, ముదిరింది కాబట్టే ఊడ తెగుతుందనీ, అంతకంటే మంచి విత్తనం ఉండదనీ, వంక అవతలి ఇళ్లు ప్రతి ఏడూ విత్తుకునేది ఆ పరిగె కాయనేననీ నాకు తెలియదు. కాయను తడిపి చేత్తో ఒలిస్తేనే పప్పు పైపొర గీరుకోకుండా ఉంటుందనీ, మిల్లు పప్పు తినడానికే తప్ప మొలవదనీ తెలియదు. ఈ నేల మీద పుట్టిన పదేళ్ల పిల్లకు తెలిసే సంగతి. నేను హాస్టళ్లలో పెరిగి, గనుల్లో కాపురం చేసి, కరువు ఎటు తూగుతుందో చెప్పగలిగే మనిషిని.

అది తెలిసింది తొంభైలో. అంతవరకు మా విత్తనపు కాయ కొల్లప్ప ఇంట్లోనే ఒలిచేవారు. ఆ ఏడు వాళ్లింట్లో పెళ్లి ఉండి మా వసారాలో కూర్చుని ఒలుస్తుంటే, ఇంత కష్టమెందుకు, మిల్లులో వేయొచ్చు గదా అన్నాను. కొల్లప్ప నవ్వాపుకున్నాడు. "మిల్లు పప్పు మొలుస్తాదామ్మా? గంగక్క ఇత్తి సూసింది గదా, మనం పంపిన మూట. ఇంగేమీ లేక అదే ఇత్తింది. చేనంతా ఎదికితే పది మొలకలు రాలేదు. బైలప్ప ఆ నెల్లోనే బెంగళూరుకు గోడలు కట్టే పనికి పాయె." ఎప్పుడు అన్నాను. "అదే, సారు గుండు లాగించినాక వచ్చిన ఆషాఢంలో. సారుకు తెలుసు గదా. ఆయప్పే పోయి సూసొచ్చినాడు." చేతిలోని కాయ పక్కన పెట్టి లెక్క వేశాను. ఎనభై ఆరు జూలై. మరుసటి ఉగాది దాటాక వచ్చిన ఆదివారం మావారు మూడు మైదానాల ప్రశ్న అడగలేదు, ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. వయసు అనుకున్నాను. అలసట అనుకున్నాను. ఆయన ఇంకో రెండు వేసవులు నాతో ఈ చేనిలో నడిచాడు, ఎనభై ఎనిమిదిలో పక్షవాతం వచ్చి పడిపోయేదాకా నడిచాడు, ఒక్క మాట అనలేదు. ఆట ఆగాక కూడా చేను ఎవరికీ తెరుచుకోలేదు. కంప పెట్టడం కొల్లప్పకు అలవాటయింది, రాకపోవడం వాళ్లకు అలవాటయింది.

ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని అడిగాను. "గంగక్క చేను మొలవలేదని మీకు తెలుసునా?" ఆయన తల ఊపాడు. నాకెందుకు చెప్పలేదు అన్నాను. పక్షవాతం తర్వాత ఆయనకు ఒక్కో మాట బావిలోంచి చేదినంత కష్టంగా వచ్చేది. అన్నాడు: "నువ్వు... బాగా ఆడతా ఉంటివి." ఆ తర్వాత మూడేళ్లలో ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. బైలప్ప మొదట ఏడాదికొకసారి వచ్చేవాడు, తర్వాత రెండేళ్లకొకసారి, తర్వాత అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని విన్నాం. వాళ్ల రెండెకరాలు విత్తేవాళ్లు లేక సీమజాలి ముళ్లకంప అయింది. గంగక్క దారిలో ఎన్నోసార్లు ఎదురుపడింది. ప్రతిసారీ ఒకే వాక్యం నా నోటి దాకా వచ్చింది, ప్రతిసారీ బాగుండావా గంగక్కా, మేకలు ఎన్నుండాయి అని అడిగి పంపేశాను.

"అమ్మా! నల్ల మేక ఇట్లేమన్నా వచ్చిందా?"

ఉలిక్కిపడ్డాను. వంక వైపు నుంచి గంగక్క ఎక్కి వస్తున్నది, చేతిలో ఒక కొమ్మ. జుట్టు నెరిసింది, నడకలో తొందర మాత్రం అదే. గడియారం చూసుకున్నాను, ఐదు కావస్తోంది.

"రాలేదే. రా, కూర్చో గంగక్కా."

"కూర్చునేకి పొద్దుండాదా? నువ్వేందమ్మా, గంటసేపట్నుంచీ ఈడే కూర్చోని ఉండావు?"

"మీరొస్తారని. నిన్న చాటించినాను గదా. ఒకరూ రాలేదే?"

ఆమె కొమ్మను నేల మీద కొట్టి నవ్వింది. "అదే గదా అందురూ నవ్వతుండేది! పరిగెకు యాడన్నా తప్పెట కొడతారా? పెండ్లికి పిలిచినట్ల! కంప తీసి ఆ పక్క ఏస్తే సాలు, మాకు తెలీదా? సూడు, కంప అట్లే ఉండాది." చూశాను. ఆఖరి బండి వెళ్లాక కొల్లప్ప ఎనిమిదేళ్ల అలవాటుగా దాన్ని మళ్లీ దారికి అడ్డంగా లాగి ఉంచాడు. నేను దాని పక్క నుంచే గట్టెక్కి వచ్చాను, చూడలేదు. "దానికి తోడు నువ్వు కావలి మాదిరి గట్టెక్కి కూర్చుంటివి. చేనుగల మనిషి సూస్తా ఉంటే ఎవురన్నా వంగతారా అమ్మా? అట్ల ఏరుకుంటే అది పరిగె ఎట్లయితాది? అడుక్కునేది అయితాది."

"అయితే వాళ్లు?"

"వంకలో కూర్చోనుండారు, పదిమంది, గంపలెత్తుకోని. నువ్వెప్పుడు లేస్తావా అని. గుండమ్మయితే తిడతా ఉండాది, ఆయమ్మకు ఇల్లూ వాకిలీ లేదా అని. నేను మేక పేరు చెప్పి వచ్చినా." గొంతు తగ్గించింది. "ఇంటికి పోమ్మా."

దగ్గింది గాలి కాదు. ఈ గంటసేపూ నేను వాళ్ల కోసం చూశాను, వాళ్లు నేను లేవడం కోసం చూశారు. మళ్లీ అదే తప్పు, అచ్చంగా అదే: హక్కుగా ఉన్నదాన్ని మూటగా మార్చి చేతికివ్వబోయాను, ఈసారి తప్పెట కూడా కొట్టించాను. ఇప్పుడు చెప్పకపోతే ఇక లేదు.

"గంగక్కా, ఒక మాట విను. ఆ ఏడు చేను మూయించింది సారు కాదు. ఆయన వద్దన్నాడు. మూయించింది నేను. ఆ మిల్లు పప్పు పంపించిందీ నేనే."

ఆమె నా వైపు చూడలేదు. కొండ మీది పొద్దును చూస్తున్నది, దాని ఎత్తును కొలుస్తున్నట్టు.

"విన్నావా?"

"విన్నా." కొమ్మను చంకలో పెట్టుకుంది. "ఎవురైతే ఏముండాదమ్మా ఇప్పుడు? చెప్తే ఇత్తనం మొలుస్తాదా? లేయి. ఇంగ ముప్పావుగంట కూడా లేదు వెలుతురు."

కోపం లేదు, ఓదార్పూ లేదు. ఇన్నేళ్లు నేను మోసిన బరువు ఆమె దగ్గర ఒక క్షణం వెలుతురు ఖర్చుపెట్టింది, అంతకంటే దానికి విలువ లేదు. నేను మోసినది నా నేరం. ఆమె మోసినది ఆ జూలై నెల, ఖాళీ చాళ్లు, బస్సెక్కిన మనిషి. ఆ రెండూ ఎక్కడా కలవవు, కలుస్తాయని ఈ గంటసేపూ నేను నమ్మాను. మోకాళ్లు పట్టేశాయి, చేతులు నేలకు ఆనించి లేచాను. కంప దగ్గరికి వెళ్లి మొదలు పట్టుకుని లాగాను, అనుకున్నదాని కంటే బరువుంది, పక్కకు పడేశాను. గంగక్క సాయం రాలేదు, రావడం సరికాదని ఆమెకు తెలుసు.

పడమటి వైపు, ఊరి దారిలో, ఎండ కళ్లలోకి కొడుతుండగా నడిచాను. ఇరవై అడుగులు వేశానో లేదో వెనక మాటలు వినిపించాయి, ఎవరో నవ్వారు, గుండమ్మే అయి ఉంటుంది, తర్వాత మట్టిలో తొలిక దిగిన చప్పుడు, తర్వాత ఇంకోటి, తర్వాత లెక్కపెట్టలేనన్ని. అందులో గంగక్క తొలిక ఉందో లేదో, ఆమె వంగిందో, ఉత్తచేతులతో వంక దాటి వెళ్లిపోయిందో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే ఒక్కసారి తిరిగి చూడాలి. చూస్తే వాళ్లు ఆగిపోతారు. ఇల్లు చేరేదాకా తిరగలేదు.